కనబడని సొత్తు కోసం సోదా
(కె.జి. కన్నబిరాన్ గారి స్మృతిలో చేసిన ఉపన్యాసం)



కన్నబిరాన్ గారు 1929లో మధురైలో పుట్టారు, నెల్లూరులో పెరిగారు, మద్రాసులో చదువుకున్నారు, హైదరాబాదు కోర్టుల్లో జీవితమంతా ధారపోశారు. 1978 నుంచి 1994 దాకా ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి, ఆ తరువాత పియుసిఎల్‌కు (పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్) అధ్యక్షులుగా ఉన్నారు. 2010 డిసెంబర్ 30న మనల్ని వదిలి వెళ్లారు. పార్వతీపురం కుట్ర కేసు నుంచి ఎన్‌కౌంటర్ల విచారణల దాకా ఆయన చేసిన పని అందరికీ తెలిసిందే. నాకు ఎక్కువగా గుర్తుండేది వాటన్నిటి అడుగున ఉన్న ఒక పద్ధతి: పోలీసు తెచ్చిన ప్రతి కాగితాన్నీ, ఏ అధికారంతో రాశావు అని అడగడం. నేరం ఎంత పెద్దదని చెప్పినా ఆ ప్రశ్నను ఆయన వాయిదా వెయ్యలేదు.

పియుసిఎల్ వేసిన పిటిషన్ మీదే 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు టెలిఫోన్ ట్యాపింగ్ గురించి తీర్పు ఇచ్చింది. అందుకే ఇవాళ టెలిఫోన్‌కే సంబంధించిన, మనవాళ్లు అంతగా పట్టించుకోని ఒక విషయం తీసుకున్నాను. టెలికాం చోరీ కేసుల్లో సోదా వారెంటు చెల్లుబాటును ప్రశ్నించడం.

జూనియర్లు తరచు అడుగుతుంటారు: "సామాను ఇంట్లోనే దొరికింది కదండీ, ఇంక వారెంటు మీద వాదించేదేముంది?" ఈ ఉపన్యాసమంతా ఆ ప్రశ్నకు సమాధానమే. నా వాదన ఇది: పోయిన సొత్తు కంటికి కనబడనప్పుడు, దాన్ని వర్ణించే వారెంటు ఒక్కటే సోదాకు హద్దు. ఆ కాగితం వదులుగా ఉంటే సోదాకు హద్దే ఉండదు. కాబట్టి దాన్ని పరీక్షించడం కేసు చివర చూసుకునే సాంకేతిక అంశంగా మిగలకూడదు, మొదటి వారంలోనే జరగాలి.

1. పోయినది ఏమిటి?

ఎద్దు పోతే కొట్టంలో వెతుకుతారు, గొలుసు పోతే బీరువాలో వెతుకుతారు. పోయిన వస్తువు ఆకారమే సోదా ఎక్కడ ఆగాలో చెబుతుంది. టెలికాం చోరీలో ఆ సౌలభ్యం లేదు.

హైదరాబాదులోనూ పట్టుబడిన సిమ్ బాక్స్ కేసులనే తీసుకోండి. విదేశం నుంచి వచ్చే కాల్ ఇంటర్నెట్ మీదుగా ఒక గదికి చేరుతుంది. అక్కడ పదులకొద్దీ, కొన్నిచోట్ల వందలకొద్దీ సిమ్ కార్డులు అమర్చిన పెట్టె దాన్ని లోకల్ కాల్‌గా మార్చి పంపుతుంది. ఫోను ఎత్తినవాళ్లకు మామూలు మొబైల్ నంబరు కనబడుతుంది. విదేశీ కాల్ మీద ఆపరేటరుకు రావలసిన రుసుము రాదు, ఆ కాల్ ఎక్కడి నుంచి వచ్చిందో పోలీసులకు తెలియదు. నష్టం నిజమైనదే, దేశ భద్రతకు సంబంధించిన ఆందోళన కూడా నిజమైనదే. కానీ ఆ గదిలో దొరికేవన్నీ బజారులో కొనుక్కోదగిన వస్తువులు: రౌటర్లు, కంప్యూటర్లు, తీగలు, సిమ్‌లు. అందులో ఏదీ ఎవరి దగ్గరా దొంగిలించింది కాదు. సర్వీసు వాడుకున్నారు, డబ్బు కట్టలేదు. మరి వారెంటులో దొంగసొత్తు అని దేన్ని రాస్తారు?

ఇలాంటి చిక్కు మన కోర్టులకు విద్యుత్తు విషయంలో ముందే వచ్చింది. 1964లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, కరెంటు దొంగతనం శిక్షాస్మృతిలోని దొంగతనం నిర్వచనంలోకి దానంతట అది రాదనీ, 1910 నాటి విద్యుత్ చట్టం దాన్ని దొంగతనంగా పరిగణించమంది గనుకనే నేరమయిందనీ చెప్పింది. కాబట్టి ఆ చట్టం ఎవరు ఫిర్యాదు చేయాలందో వాళ్లే చేయాలి. అలా జరగలేదని శిక్ష కొట్టేసింది. నేరం పేరు సరిగ్గా ఏ సెక్షనులో ఉందన్నది ఎంత ముఖ్యమో ఈ కేసు చూస్తే తెలుస్తుంది. సిమ్ బాక్సు కేసులో 1885 టెలిగ్రాఫ్ చట్టం 20వ సెక్షనైనా, ఇప్పటి 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం 42వ సెక్షనైనా చెప్పేది అనుమతి లేని నెట్‌వర్కు గురించి. దానికి దొంగతనం సెక్షను తగిలించి, దొంగసొత్తు దాచిన చోటు అంటూ వారెంటు తెస్తే మొదటి అభ్యంతరం అక్కడే లేవనెత్తాలి.

2. ఒక ఫైలు విలువ

ఇక్కడ మిమ్మల్ని కాసేపు అమెరికా తీసుకువెళ్లాలి. ఈ అంశం మీద నాకు తెలిసిన అత్యంత బోధప్రదమైన కేసు అక్కడిదే.

1988లో అట్లాంటాకు చెందిన ఒక కుర్రవాడు బెల్‌సౌత్ టెలిఫోన్ కంపెనీ కంప్యూటరులోకి చొరబడి, 911 అత్యవసర సర్వీసు నిర్వహణ గురించిన ఒక పత్రాన్ని కాపీ చేసుకున్నాడు. మిస్సోరి విశ్వవిద్యాలయంలో చదువుతున్న క్రెయిగ్ నైడార్ఫ్ తన ఎలక్ట్రానిక్ పత్రిక 'ఫ్రాక్'లో 1989 ఫిబ్రవరిలో దాన్ని కుదించి ప్రచురించాడు. 1990 జనవరి 15న ఏటీ అండ్ టీ దూరప్రాంత కాల్స్ వ్యవస్థ తొమ్మిది గంటలపాటు కుప్పకూలింది. అది సొంత సాఫ్ట్‌వేర్‌లోని తప్పు వల్ల జరిగిందని తేలినా, హ్యాకర్ల భయం మాత్రం దేశమంతా పాకింది. ఆ వాతావరణంలో నైడార్ఫ్ మీద షికాగోలో కేసు పెట్టారు.

ఆరోపణల్లో ప్రధానమైనది రాష్ట్రాల సరిహద్దు దాటించి దొంగసొత్తు తరలించడం. ఆ సెక్షను వర్తించాలంటే సొత్తు విలువ కనీసం 5,000 డాలర్లు ఉండాలి. కంపెనీ ఆ పత్రానికి 79,449 డాలర్లు విలువ కట్టింది. ఆ లెక్కలో పత్రం టైపు చేసిన కంప్యూటరు ధర 31,000 డాలర్లు ఉంది. ప్రింటరు ధర ఉంది, సాఫ్ట్‌వేరు ధర ఉంది, రాసినవారి జీతం, వారి మీద అజమాయిషీ చేసినవారి జీతం కూడా ఉన్నాయి. కాపీ అయిన తరువాత కూడా ఆ కంప్యూటరు, ప్రింటరు, మూలపత్రం కంపెనీ దగ్గరే ఉన్నాయి.

1985లో డౌలింగ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఎల్విస్ ప్రెస్లీ పాటల అనధికార రికార్డులను ఇదే సెక్షను కింద దొంగసొత్తు అనలేమని చెప్పింది. నైడార్ఫ్ లాయర్లు దాని ఆధారంగా కేసు కొట్టేయమన్నారు. జడ్జి బువా ఒప్పుకోలేదు, విచారణకు వెళ్లమన్నారు. 1990 జూలైలో విచారణ మొదలయింది. అదే సమాచారం ఉన్న పుస్తకాన్ని టెలిఫోను సంస్థలే 13 డాలర్లకు ఎవరికైనా అమ్ముతున్నాయని డిఫెన్సు చూపించింది. నాలుగైదు రోజుల్లోనే ప్రాసిక్యూషన్ కేసు ఉపసంహరించుకుంది.

ఈ విషయం విచారణ దాకా ఆగకుండా మేజిస్ట్రేటు ముందే బయటపడి ఉంటే? ఆ ప్రశ్న వేసుకుంటూ ఆస్టిన్ నగరానికి వద్దాం.

3. మేజిస్ట్రేటుకు ఏం చెప్పారు?

టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే చిన్న ప్రచురణ సంస్థ ఉంది. ఆటల పుస్తకాలు అచ్చు వేస్తుంది. పాఠకుల కోసం 'ఇల్యూమినాటి' అనే కంప్యూటర్ బులెటిన్ బోర్డు నడిపేది. అందులో ఈమెయిల్ సౌకర్యం ఉండేది, 365 మంది సభ్యులు ఉండేవారు. ఆ సంస్థలో పనిచేసే లాయిడ్ బ్లాంకెన్‌షిప్ తన ఇంట్లో వేరే బోర్డు నడుపుకునేవాడు. 911 పత్రం ఉన్న ఫ్రాక్ సంచిక ఆ ఇంటి బోర్డులో కనిపించింది. కంపెనీ బోర్డులో ఉందనడానికి ఆధారం లేదు. కానీ అతను అక్కడ ఉద్యోగి కాబట్టి, అక్కడి బోర్డునూ చూసుకుంటాడు కాబట్టి, రెండు చోట్లా సోదా అడిగారు.

1990 మార్చి 1న అమెరికా ఫెడరల్ సంస్థ అయిన సీక్రెట్ సర్వీసు అధికారులు వచ్చారు. మూడు కంప్యూటర్లు, 300కు పైగా డిస్కులు, అచ్చుకు సిద్ధమవుతున్న 'గర్ప్స్ సైబర్‌పంక్' పుస్తకం రాతప్రతి, ఇంకా ఎవరూ తెరవని 162 ప్రైవేటు ఉత్తరాలున్న బోర్డు, అన్నీ పట్టుకుపోయారు. వారెంటులో ఏముందో చూడండి: కంప్యూటర్ సామగ్రి, 'వీటికే పరిమితం కాకుండా' మానిటర్లు, మోడెములు, డిస్కులు, ప్రింటు కాగితాలు, సాఫ్ట్‌వేరు, కంప్యూటరు వాడకానికి సంబంధించిన పత్రాలు. వెతుకుతున్నది ఒక్క ఫైలు. తీసుకుపోవడానికి అనుమతి దొరికింది సంస్థ మొత్తానికి. 'వీటికే పరిమితం కాకుండా' అన్న మాట దగ్గర విద్యార్థి మిత్రులు ఆగి ఆలోచించాలి. వారెంటు ఉండేదే పరిమితం చేయడానికి. ఆ ఒక్క మాట ఉన్నచోట తక్కిన జాబితాకు విలువ ఉండదు.

ఇది కొత్త రోగం కాదు. 1965లో తేలిన స్టాన్‌ఫర్డ్ వర్సెస్ టెక్సాస్ కేసులో శాన్ ఆంటోనియోలో ఒకరి ఇంటి మీద కమ్యూనిస్టు పార్టీకి సంబంధించిన పుస్తకాలు, కాగితాలు పట్టుకోమని వారెంటు ఇచ్చారు. సుమారు 2,000 పుస్తకాలు, కరపత్రాలు మోసుకుపోయారు. వాటిలో ఆ దేశ సుప్రీంకోర్టు జడ్జి హ్యూగో బ్లాక్ రచన కూడా ఉంది. కోర్టు ఏకగ్రీవంగా ఆ వారెంటు చెల్లదంది. కాగితాల కాలంలోనే 2,000 పట్టుకుపోగలిగితే, ఒక్క డిస్కులో ఒక సంస్థ బతుకంతా ఇమిడే కాలంలో జాబితా ఎంత బిగువుగా ఉండాలో మీరే ఆలోచించండి.

అఫిడవిట్ సంగతి ఇంకా ముఖ్యం. అది ప్రచురణ సంస్థ అని మేజిస్ట్రేటుకు చెప్పలేదు. పత్రం విలువ, రహస్యం గురించి టెలిఫోను పక్షం నిపుణులు చెప్పినదాన్నే తీసుకున్నారు. అఫిడవిట్‌ను సీల్‌లో ఉంచారు కాబట్టి తన మీద ఏం ఆరోపించారో యజమాని స్టీవ్ జాక్సన్‌కు చాలాకాలం తెలియలేదు. సామాను చాలామటుకు జూన్ చివర్లో తిరిగొచ్చింది. ఈలోగా ఆయన ఎనిమిది మందిని ఉద్యోగంలోంచి తీసేయవలసి వచ్చింది. ఆయన మీద గానీ సంస్థ మీద గానీ ఏ కేసూ పెట్టలేదు.

1991లో దావా వేశారు. 1993 మార్చిలో జడ్జి శామ్ స్పార్క్స్ తీర్పు ఇచ్చారు. అఫిడవిట్, వారెంటు తయారీ అజాగ్రత్తగా జరిగిందని, సోదాకు ముందు సంస్థ గురించి ఏ విచారణా చేయకపోవడం తప్పని అన్నారు. ప్రచురణకర్తల రాతప్రతులను కాపాడే 1980 నాటి చట్టం కింద 51,040 డాలర్ల నష్టపరిహారం, ఉత్తరాల విషయంలో ఒక్కో వాదికి 1,000 డాలర్లు ఇప్పించారు. అయితే తెరవని ఉత్తరాలను పట్టుకోవడం మధ్యలో అడ్డగించి వినడం కిందికి రాదని కూడా ఆయన అన్నారు, 1994లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. ఒక విషయం దాచకుండా చెప్పాలి: ఈ గెలుపు వారెంటును కొట్టేయడం వల్ల రాలేదు, ఇతర చట్టాల వల్ల వచ్చింది. అక్కడ రాజ్యాంగంలో అకారణ సోదాలను అడ్డుకునే నాలుగో సవరణ ఉండి కూడా, మూడేళ్లు పోరాడి, డబ్బు రూపంలో న్యాయం పొందారు. ఆ నాలుగు నెలల్లో ఉద్యోగాలు పోయినవాళ్ల సంగతి ఏ తీర్పూ సరిచేయలేదు.

టెలికాం కేసులకే ప్రత్యేకమైన ప్రమాదం ఇందులో ఒకటుంది. నష్టపోయానని చెప్పేది, నష్టం లెక్క కట్టేది, సాంకేతిక సాక్ష్యం ఇచ్చేది ఒకే కంపెనీ. అమెరికాలోనే 1967లో తేలిన బ్యూబిస్ కేసులో టెలిఫోను కంపెనీ డబ్బు కట్టకుండా కాల్స్ చేస్తున్నాడని ఒక చందాదారుడి కాల్స్ అన్నిటినీ నెలల తరబడి రికార్డు చేసి ప్రభుత్వానికి అప్పగించింది. ఆదాయం కాపాడుకోవడానికి అంత అక్కరలేదని చెప్పి అప్పీలు కోర్టు ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చింది. మన దగ్గరా ఆపరేటరు విజిలెన్సు విభాగం ఇచ్చిన కాల్ రికార్డు, నష్టం పట్టిక యథాతథంగా పోలీసు అర్జీలోకి ఎక్కుతుంటాయి. ఆ అంకె ఎలా వచ్చిందని మేజిస్ట్రేటు ఒక్క ప్రశ్న అడిగినా, అర్జీ బలం ఎంతో అక్కడే తేలుతుంది.

4. మన ఇంటి సంగతి

మన చట్టంలో హద్దులు లేవా అంటే, ఉన్నాయి. సోదా వారెంటుకు పాత నేర ప్రక్రియా స్మృతిలో (సిఆర్‌పిసి) 93, 94 సెక్షన్లు, కొత్త నాగరిక సురక్షా సంహితలో 96, 97. వారెంటు లేకుండా పోలీసు అధికారి వెళ్లాలంటే పాత 165, కొత్త 185: కారణాలు ముందే రాతపూర్వకంగా నమోదు చేయాలి, ఏ వస్తువు కోసమో సాధ్యమైనంత మేరకు రాయాలి, ఆ కాపీ వెంటనే మేజిస్ట్రేటుకు పంపాలి. స్థానికులైన కనీసం ఇద్దరు సాక్షులు (పంచులు) ఉండాలి. 2024 జూలై నుంచి సోదాను వీడియో తీయాలని 105వ సెక్షను చెబుతోంది. జనరల్ సోదాకు అవకాశమిచ్చే క్లాజు ఉన్నా, కుట్టన్ పిళ్లై కేసులో సుప్రీంకోర్టు, సోదా వారెంటు తీవ్రమైన విషయమనీ, యాంత్రికంగా రెండు ముక్కల ఉత్తర్వుతో ముగించవద్దనీ మేజిస్ట్రేట్లకు చెప్పింది.

అసలు చిక్కు ఉల్లంఘన జరిగిన తరువాత వస్తుంది. 1954లో ఎం.పి. శర్మ కేసు వచ్చింది. దాల్మియా సంస్థల మీద 34 చోట్ల ఒకేసారి జరిగిన సోదాల వ్యవహారం అది. ఎనిమిది మంది జడ్జీల ధర్మాసనం, అమెరికా నాలుగో సవరణ లాంటిది మన రాజ్యాంగంలో లేదు కాబట్టి దాన్ని దొడ్డిదారిన తేలేమంది. 1962లో రాధాకిషన్ కేసు ఒక తపాలా ఉద్యోగి ఇంట్లో దొరికిన ఉత్తరాల గురించి. సోదా చట్టవిరుద్ధమైతే ఇంటివాడు అడ్డుకోవచ్చు, కోర్టు ఆ సాక్ష్యాన్ని జాగ్రత్తగా చూడవచ్చు, అంతేగాని జప్తు చెడిపోదని తేల్చారు. 1973 డిసెంబర్‌లో పూరణ్‌మల్ తీర్పు దానికి ముద్ర వేసింది: సాక్ష్యం సంబద్ధమైతే చాలు, అది ఎలా చేతికొచ్చిందన్నది అడ్డు కాదు.

రాధాకిషన్‌లో చెప్పిన అడ్డుకునే హక్కు గురించి నాకు బాధగా ఉంటుంది. తెల్లవారుజామున తలుపు కొట్టిన పోలీసును అడ్డుకుని, నీ వారెంటులో లోపముందని చెప్పగలిగే మామూలు మనిషి ఈ రాష్ట్రాల్లో ఎవరున్నారు? అలా అడ్డుకున్నవాడి మీద విధులకు ఆటంకం కలిగించాడని ఇంకో కేసు పడుతుంది. హక్కు పుస్తకంలో ఉంది, వాడుకునే చోటు లేదు. అందుకే ఆ చోటు కోర్టు గదిలో కల్పించాలంటున్నాను.

ఇందుకు పునాది వేసినవారిలో మనవాళ్లున్నారు. రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు 1962లో ఖరక్ సింగ్ కేసులో, వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత భాగమని మైనారిటీ తీర్పు రాశారు. అర్ధ శతాబ్దం దాటాక, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఆయన మాటనే సరైనదన్నారు. గోప్యత హక్కు లేదన్నంత వరకు ఎం.పి. శర్మ తీర్పును తోసిపుచ్చారు.

మధ్యలో ఇంకో మెట్టుంది, అది పూర్తిగా మన నేల మీద నుంచి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1986లో స్టాంపుల చట్టం 73వ సెక్షనును సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా ఏ ఆవరణలోకైనా వెళ్లి పత్రాలు తనిఖీ చేసి స్వాధీనం చేసుకోవచ్చంది. హైదరాబాదులో బ్యాంకులు దాన్ని సవాలు చేశాయి. హైకోర్టు కొట్టేసింది. కెనరా బ్యాంకు కేసుగా 2004 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. గోప్యత మనిషికి చెందింది, చోటుకు కాదు. కాబట్టి నీ కాగితం బ్యాంకు చేతిలో ఉన్నా నీ హక్కు పోదు అన్నది దాని సారాంశం. కారణాలు రాయాల్సిన పని లేని, హద్దు లేని సోదా అధికారం నిలవదని కూడా ఆ తీర్పు చెబుతోంది. సర్వరు మీద ఉన్న మన సందేశాలకు ఇంతకంటే దగ్గరి ఆసరా మరొకటి లేదు.

2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం 43వ సెక్షనును ఈ వెలుగులో చదవాలి. అనుమతి లేని నెట్‌వర్కు గానీ పరికరం గానీ ఉందని నమ్మడానికి కారణముంటే, కేంద్రం అధికారమిచ్చిన అధికారి ఏ భవనాన్నైనా వాహనాన్నైనా సోదా చేసి స్వాధీనం చేసుకోవచ్చు. ముందుగా మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలన్న మాట ఆ సెక్షనులో లేదు. అప్పుడు 'నమ్మడానికి కారణం' అనే రెండు మాటలే మొత్తం బరువు మోయాలి. ఆ కారణం సోదాకు ముందే కాగితం మీద ఉందా, ఉంటే ఏ సమాచారం మీద ఆధారపడింది అని అడిగే హక్కు పుట్టస్వామి తరువాత మనకు రాజ్యాంగం ఇచ్చిన హక్కు. పూరణ్‌మల్ నాటి జవాబు ఆ ప్రశ్నకు సరిపోదని నా గట్టి నమ్మకం. సాక్ష్యం చెల్లుతుందా అన్నదాన్ని తొందరగా, విడిగా, సోదా న్యాయబద్ధతతో కలిపి నిర్ణయించాలని పెద్ద ధర్మాసనం ముందు అడగవలసిన సమయం వచ్చింది.

5. మొదటి వారంలో చేయవలసినది

అంతదాకా మన చేతిలో ఉన్న పని చెబుతాను. బెయిలు అర్జీతో పాటే వారెంటు కాపీకి, దాని కోసం పోలీసులు వేసిన అర్జీకి, 185 కింద రాసిన కారణాల కాపీకి, వీడియోకు కాపీ దరఖాస్తు వేయండి. పంచనామాలో 'ల్యాప్‌టాప్ ఒకటి' అని రాసి ఊరుకున్నారా, సీరియల్ నంబరు, హ్యాష్ విలువ (డిస్కులోని సమాచారానికి వేలిముద్ర లాంటి అంకె) రాశారా చూడండి. హ్యాష్ విలువ లేకపోతే ఆ డిస్కులో తరువాత ఏం చేరిందో, ఏం పోయిందో ఎవరూ రుజువు చేయలేరు. ఆ అభ్యంతరం మొదటి రిమాండు రోజునే రికార్డులోకి ఎక్కాలి. ఇంట్లో పిల్లల చదువు కంప్యూటరు, తమ్ముడి దుకాణం లెక్కలు కలిసి పోయి ఉంటే, కేసుకు కావలసింది ప్రతిబింబ కాపీ తీసుకుని మిగతాది తిరిగివ్వమని సురక్షా సంహిత 503వ సెక్షను కింద మధ్యంతర అర్జీ వేయండి. వారెంటులో లేనివి జప్తు చేసి ఉంటే, వాటి జాబితా విడిగా రాసి ఇవ్వండి.

మేజిస్ట్రేటు ఆ అర్జీ కొట్టేయవచ్చు. కొట్టేస్తూ కారణం రాయాలి కదా. స్టీవ్ జాక్సన్ సంస్థ కోల్పోయిన ఆ నాలుగు నెలలు మన క్లయింటు కోల్పోకుండా ఉండాలంటే, పై కోర్టు పరిశీలించగల ఉత్తర్వు ఒకటి ఆ మొదటి వారంలోనే ఫైల్లో ఉండాలి. ఇక్కడున్న ట్రయల్ కోర్టు న్యాయమూర్తులకూ ఒక మనవి. టెలికాం కేసులో సోదా అర్జీ మీ ముందుకు వచ్చినప్పుడు, ఏ పరికరం, ఏ సెక్షను కింద, నష్టం అంకె ఎవరు లెక్క కట్టారు అని అడిగి, వచ్చిన జవాబును ఉత్తర్వులో నమోదు చేయండి.